కుక్కుటేశ్వరరావు గారి బంతి రూలు

రామచంద్రపురంలో కెమిస్ట్రీ లెక్చరర్లకి కొదవ లేదు. సందుకో కోచింగ్ సెంటరు, సెంటరుకి ఇద్దరు చొప్పున దొరుకుతారు. కానీ ‘బంతి మాస్టారు’ అంటే మాత్రం ఊరికంతటికీ ఒక్కడే. ఆయన అసలు పేరు కుక్కుటేశ్వరరావు. పిఠాపురం కుక్కుటేశ్వరస్వామికి తల్లి మొక్కుకుంటే పుట్టాడట, అందుకని ఆ పేరు. కాలేజీ రిజిస్టరులో గడి చాలక క్లర్కు దాన్ని ‘కె. రావు’ అని కుదించేశాడు. పిల్లలు అంతకంటే అందంగా కుదించుకున్నారు.

బంతంటే ఆడుకునే బంతి కాదు, భోజనాల బంతి. ఆయన తండ్రి ద్రాక్షారామం చుట్టుపక్కల పాతికూళ్ళకి పెళ్ళివంటలు వండిన మనిషి. కొడుకు ఎమ్మెస్సీ చదివే రోజుల్లో కూడా ముహూర్తాలున్నాయంటే నడుముకి తువ్వాలు బిగించి గరిటె పట్టుకోవాల్సిందే. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. వడ్డన ఎప్పుడూ పెద్దాయన విస్తరి దగ్గరే మొదలవ్వాలి. ఆయన వరసలో ఏ మూల కూర్చున్నా సరే, అదే మొదటి విస్తరి. ఈ సంగతి తెలియక ఎవడైనా తోచినచోట పప్పు వేసేశాడా, ఇంక ఆ పెళ్ళిలో అలకలు తీర్చలేక చావాలి.

ఈ పాఠం కెమిస్ట్రీలోకి ఎలా వచ్చిందంటారా? కార్బన్లు గొలుసులా పొడుగ్గా ఉంటే దానికి ఈ కొసా ఆ కొసా ఉంటాయి. ఏదో ఒక కొస నుంచి అంకెలు వేసి పేరు పెట్టేయొచ్చు. అదే కార్బన్లు చక్రంలా మూసుకున్నాయనుకోండి, దానికి కొస ఏది? ఒకటి అనే అంకె ఎక్కడ వేయాలి? ఇంటర్ పిల్లలు అక్కడే తెల్లమొహం వేస్తారు. కుక్కుటేశ్వరరావు కూడా ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది దాన్ని ఎలా చెప్పాలో తెలియక గింజుకున్నాడు. ఒకరోజు బోర్డు మీద ఆరు మూలల చక్రం గీసి, రెండు మూలలకి ఇథైల్, మిథైల్ అనే గ్రూపులు తగిలించి, విసుగెత్తి, గరిటె పట్టిన చేతులతోనే చెప్పేశాడు.

“ఇది గుండ్రంగా వేసిన బంతి అనుకోండి. ఆరు విస్తళ్ళు. ఈ విస్తరి దగ్గర ఇథైల్ గారు కూర్చున్నారు, ఇదిగో ఇక్కడ మిథైల్ గారు. ఇంగ్లీషు అక్షరాల వరసలో ఎవరి పేరు ముందొస్తే ఆయనే పెద్దాయన. కాబట్టి ఇథైల్ గారిది ఒకటో విస్తరి. అక్కడ మొదలెట్టి, దగ్గరి దారిన మిథైల్ గారి దగ్గరికి వెళ్ళండి. మూడో విస్తరి. ఒకటి-ఇథైల్, మూడు-మిథైల్ సైక్లోహెక్సేన్. అయిపోయింది!”

క్లాసంతా గొల్లుమని నవ్వింది. మరునాడు అడిగితే చివరి బెంచీ వాడు కూడా తడుముకోకుండా చెప్పాడు. అప్పటినుంచి ఇరవై ఆరేళ్ళు అదే బంతి, అదే వడ్డన. ఆయన బీపీ మాత్రలు కొనుక్కునే మందుల షాపతను కూడా పాత శిష్యుడే. మాత్రలు పొట్లం కడుతూ, “ఇథైల్ గారు కులాసాయేనా మాస్టారూ?” అని పలకరిస్తాడు. ఆ పలకరింపు కోసం ఆయన నాలుగు రోజులకోసారి నాలుగేసి మాత్రలు కొనుక్కునేవాడు గానీ, నెలకి సరిపడా ఎప్పుడూ కొనేవాడు కాదు.

ఇప్పుడాయనకి యాభై ఏడు. పనిచేసేది మెయిన్ రోడ్డు మీద ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. ఆరేళ్ళ కిందట మొదటి ఏడాది పిల్లల్ని లావణ్య అనే లెక్చరర్‌కి అప్పగించి, రెండో ఏడాది వాళ్ళకి మాత్రం తాను చెబుతున్నాడు. లావణ్య కూడా ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. రెండో ఏడాదిలో పాత పాఠాలు మళ్ళీ తిరగేయించి శనివారం టెస్టులు పెట్టడం ఆయన పని. ప్రశ్న ఆయనదే, కీ ఆయనదే, దిద్దేదీ ఆయనే.

ఆ కాలేజీలో ఒక పద్ధతుంది. నెలకోసారి మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లకి పంచుతారు. మొదటి అరవై మందీ ఎ సెక్షను. డాక్టరు సీటు కోసం రాసే నీట్ పరీక్షకి ప్రత్యేకం క్లాసులు వాళ్ళకే. మిగతావాళ్ళు వెనకవైపు రేకుల షెడ్డులో బి సెక్షను. అక్కడ నీట్ మాటే ఎత్తరు, ఇంటర్ గట్టెక్కితే చాలన్నట్టు చెబుతారు.

ఈ ఏడాది జూన్‌లో పాలకొల్లు నుంచి హర్షిత అనే అమ్మాయి వచ్చి రెండో ఏడాదిలో చేరింది. వాళ్ళ నాన్న గణేష్‌బాబు స్టీలు సామాన్ల షాపు ఇక్కడికి మార్చాడు. అమ్మాయి నెమ్మదస్తురాలు. డాక్టరు చదవాలని పట్టుదల. ఆగస్టు టెస్టు జాబితా అంటించిన రోజున ఆ పిల్ల అరవై ఒకటో పేరు. అరవయ్యో వాడికీ తనకీ తేడా ఒక్క మార్కు.

ఆ మధ్యాహ్నం క్లాసు అయ్యాక ఆన్సరు షీటు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది.

“సార్, ఒక్క డౌటండీ.”

“ఏంటమ్మా?”

“పదిహేడో ప్రశ్నండీ. చక్రం మీద మూడు గ్రూపులిచ్చారు కదండీ, ఒక ఇథైలు, రెండు మిథైళ్ళు. నేను నాలుగు-ఇథైల్, ఒకటి-రెండు-డైమిథైల్ సైక్లోహెక్సేన్ అని రాశానండీ. కొట్టేశారు.”

“కొట్టెయ్యక? ఇథైల్ గారు కూర్చునుండగా మిథైల్ దగ్గర ఒకటెలా పెట్టావు? పెళ్ళికొడుకు నాన్నని వదిలేసి పక్కింటి కుర్రాడికి పప్పు వడ్డించావు కదమ్మా!”

మామూలుగా అయితే ఆ మాటకి క్లాసు నవ్వాలి. ఎవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారే పుస్తకాలు సర్దుకోవడంలో పడ్డారు.

హర్షిత మాత్రం షీటు బల్ల మీద పెట్టి పెన్సిలుతో చక్రం గీసింది. “మీరు చెప్పినట్టు ఇథైల్ దగ్గర మొదలెడితే అంకెలు ఒకటి, మూడు, నాలుగు వస్తున్నాయండీ. ఇటు మిథైల్ నుంచి మొదలెడితే ఒకటి, రెండు, నాలుగు. రెండో అతిథికి రెండో విస్తరికే అందిపోతుంది కదండీ. మూడో విస్తరిదాకా ఆయనెందుకాగాలండీ?”

“ఆగుతాడు. పెద్దాయనకి పడ్డాకే తక్కినవాళ్ళకి.”

“సరేనండీ” అంది. బ్యాగు తీసుకుని రేకుల షెడ్డు వైపు వెళ్ళింది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం కాదు కుక్కుటేశ్వరరావు. ఆ పూటకి గెలిచినట్టే అనిపించింది గానీ, ఆ పిల్ల అడిగిన తీరు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆదివారం పొద్దున్న పెసరట్టు ముందు పెట్టుకుని, ఎవరిదో శుభలేఖ వెనక్కి తిప్పి ఆరు మూలల చక్రం గీశాడు. అటూ ఇటూ అంకెలు వేశాడు. లేచి వెళ్ళి అటక మీంచి ఎమ్మెస్సీ నాటి పుస్తకం దింపాడు. దుమ్ము దులిపి ఆ పేజీ తీశాడు.

నాలుగు లైన్లలో తేలిపోయింది. చక్రానికి అంకెలు వేసేటప్పుడు ముందు చూడాల్సింది అక్షరాల వరస కాదు. అన్ని గ్రూపులకీ కలిపి ఎటు నుంచి వేస్తే చిన్న అంకెలు పడతాయో అది. రెండు దారులూ సమానంగా తేలితేనే అక్షరాల వరస. ఇద్దరే అతిథులున్నప్పుడు ఎటు నుంచి చూసినా సమానమే కాబట్టి ఎప్పుడూ పెద్దాయనదే పైచేయి. ముగ్గురొచ్చారంటే మాత్రం పెద్దరికం పక్కన పెట్టి అందరికీ త్వరగా అందే దారి చూడాలి. ఇంటర్ పుస్తకంలో లెక్కలు చాలావరకు ఇద్దరు అతిథులవే. అందుకే ఇన్నేళ్ళూ బండి నడిచింది. ఎమ్మెస్సీ రోజుల్లో ఈ నాలుగు లైన్లూ ఆయన చదివే ఉంటాడు. పక్కన పెన్సిలు గీత కూడా ఉంది. చెప్పగా చెప్పగా పుస్తకంలోది చెరిగిపోయి, తాను చెప్పిందే బుర్రలో మిగిలింది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఏడాదికి నూట ఇరవై మంది. ఇరవై ఆరేళ్ళు. మూడు వేల పైచిలుకు. వాళ్ళలో ముగ్గురు అతిథుల ప్రశ్న ఎంతమందికి ఎదురైందో, ఏం రాశారో. తాను కడుపు నింపి పంపాననుకున్నాడు. ఏం వడ్డించి పంపాడో ఇప్పుడు తెలిసింది.

“ఏంటండీ, అట్టు ముట్టనే లేదు?” అంది భార్య మీనాకుమారి.

“తప్పు చెప్పాను మీనా.”

“ఎవరికి?”

“అందరికీ.”

“అయితే తప్పని చెప్పెయ్యండి, అందరికీ.”

“అంత తేలికా?”

“తేలికని నేనన్నానా?” అని ఆవిడ చల్లారిన అట్టు తీసుకెళ్ళి ఇంకోటి వేసుకొచ్చింది.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రిన్సిపాల్ శివరామకృష్ణ ఆయన కంటే పదిహేనేళ్ళు చిన్న. మొత్తం విన్నాడు. కంగారు పడలేదు.

“మాస్టారూ, మీరు కూర్చోండి ముందు. ఆ అమ్మాయికి రీకౌంటింగ్‌లో ఒక మార్కు కలిసిందని రాసేద్దామండీ. ఎ సెక్షన్‌లోకి వచ్చేస్తుంది. అరవై ఒకటో కుర్చీ వేయిస్తాను. రూలు సంగతి ఈ ఏడాదికి వదిలెయ్యండి.”

“వదిలెయ్యడమేంటండీ? మిగతావాళ్ళకి తప్పు జవాబుకి మార్కిచ్చాను.”

“అదేనండీ నేననేది. ఇప్పుడు తీసేస్తే జాబితా అంతా తారుమారవుతుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి, ఇరవై ఆరేళ్ళుగా తప్పు చెబుతున్నారని ఊరంతా పాకుతుంది. మీ పేరు కోసమే చెబుతున్నానండీ.”

కర్ర విరగకుండా, పాము చావకుండా భలే దారి. ఆయన కాదనలేకపోయాడు. నిజం చెప్పాలంటే కాదనాలని కూడా అంత గట్టిగా అనిపించలేదు. రీకౌంటింగ్ కాగితం మీద సంతకం పెట్టాడు. మంగళవారం హర్షిత ఎ సెక్షన్‌కి తిరిగొచ్చి మూడో బెంచీలో కూర్చుంది. “థాంక్యూ అండీ” అంది. ఆయన తల ఊపాడు.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆయన కూడా రెండు రోజులు ఆపేశాడు. గురువారం స్టాఫ్ రూములోకి వెళ్తూ మొదటి ఏడాది క్లాసు ముందు నుంచి నడిచాడు. లోపల లావణ్య బోర్డు మీద ఆరు మూలల చక్రం గీస్తోంది. ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తన తప్పు తనతో పోదు. ఇంకో నోట్లోంచి ఇంకో అరవై మందికి, ఆ తర్వాత ఇంకో అరవై మందికి పోతూనే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళకి ఇంకో ఇరవై ఆరేళ్ళు.

లంచ్ బెల్లు కొట్టాక ఆమె క్యారేజీ విప్పుతుంటే ఎదురుగా వెళ్ళి కూర్చున్నాడు.

“లావణ్యా, ఒక సంగతి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియట్లేదమ్మా.”

“ఏంటండీ మాస్టారూ, అలా ఉన్నారు? ఒంట్లో బాలేదా?”

“ఒంట్లో బానే ఉంది. ఆ బంతి రూలు తప్పమ్మా. ముగ్గురుంటే పని చెయ్యదు.”

ఒక్కో ముక్కా విడమరిచి చెప్పాడు. శుభలేఖ వెనక గీసిన చక్రం కూడా చూపించాడు. లావణ్య మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. ఆశ్చర్యపోలేదు. క్యారేజీ మూత మళ్ళీ పెట్టేసి, తల దించుకుని కూర్చుంది.

“నాకు తెలుసండీ” అంది చివరికి.

“ఎప్పటినుంచి?”

“ఇంటర్ అయిపోయాక, ఎంట్రన్స్ రాసిన రోజు నుంచండీ. అందులో ఒకటొచ్చింది, మూడు గ్రూపులది. ఇంటికొచ్చి కీ చూసుకుంటే తెలిసింది.”

“నువ్వేం పెట్టావు?”

“మీరు చెప్పిందేనండీ.” ఆయన మొహం చూసి కాబోలు వెంటనే సర్దింది. “ఒక్క మార్కేనండీ. ఒక్క మార్కుతో ఏమవుతుందండీ.”

ఒక్క మార్కుతో ఏమవుతుందో ఆయన వారం కిందటే కళ్ళారా చూశాడు. అడగాల్సింది అడిగాడు.

“మరి ఆరేళ్ళుగా ఫస్టియర్ వాళ్ళకి ఏం చెబుతున్నావమ్మా?”

“రెండూ చెబుతానండీ. సార్ టెస్టుల్లో సార్ పద్ధతిలో రాయండి, పబ్లిక్ పరీక్షలోనూ ఎంట్రన్సుల్లోనూ ఇలా రాయండి అని. అందరికీ తెలుసండీ.”

“అందరికీ?”

“అందరికీనండీ.”

“నాకెందుకు చెప్పలేదు?”

“అయ్యో, మీకెలా చెబుతామండీ!”

ఆ గొంతులో వెటకారం లేదు, భయమూ లేదు. పెద్దవాళ్ళ ఎదుట కాలు మీద కాలేసుకుని ఎలా కూర్చుంటామండీ అన్నట్టు అంది. గోదావరి జిల్లాల మర్యాద తెలిసిందే కదా. కూరలో ఉప్పు ఎక్కువైనా, ‘అద్భుతంగా ఉందండీ’ అని ఇంత మజ్జిగ కలుపుకుని లేచిపోతారు. ఆయన తండ్రి అందుకే ఆ పొగడ్తలు నమ్మేవాడు కాదు. బంతి లేచాక పెరట్లోకి వెళ్ళి ఎంగిలి విస్తళ్ళు చూసేవాడు. దేన్ని వదిలేశారో అదే నిజమనేవాడు. కొడుకు వడ్డన నేర్చుకున్నాడు, పెద్దాయన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నాడు, ఆ ఒక్కటీ మాత్రం నేర్చుకోలేదు.

మధ్యాహ్నం ఎ సెక్షన్‌కి వెళ్ళాడు. హాజరు తీసుకోలేదు. బోర్డు మీద చక్రం గీసి, మూడు చోట్ల మూడు గ్రూపులు పెట్టాడు.

“దీని పేరు కాగితం మీద రాసివ్వండి. ఇది నా టెస్టు కాదు. పబ్లిక్ పరీక్ష అనుకుని రాయండి.”

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదటి బెంచీలో సాయిప్రసన్న, మార్కుల్లో ఎప్పుడూ మొదటుండే పిల్ల, పెన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత రాసింది. అందరూ రాశారు. కాగితాలు బల్ల మీదకొచ్చాయి. ఆయన నిలబడే ఒక్కొక్కటీ తిప్పాడు. సరైనదే. సరైనదే. ఇదీ సరైనదే. అరవై ఒక్క కాగితాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు లేదు. మామూలుగా అయితే ఒక లెక్చరర్‌కి అంతకంటే పండగ ఉండదు. ఆయనకి మాత్రం కాగితం తిప్పిన కొద్దీ చెయ్యి బరువెక్కింది.

“మరి మొన్న టెస్టులో ఇంకోలా రాశారేంటమ్మా, అందరూ?” అన్నాడు సాయిప్రసన్న వంక చూసి.

ఆ పిల్ల లేచి నిలబడింది. “అది మీ టెస్టు కదండీ.”

“తప్పని తెలిసి రాశారా?”

ఆ పిల్ల పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

“నాతో ఒక్కరైనా అనొచ్చు కదమ్మా. ఆరేళ్ళు! ఒక్కరు!”

“మీరు బాధపడతారనండీ” అంది మెల్లగా.

ఆయనకి కోపమొచ్చింది. ఎవరి మీద పడాలో తెలియని కోపం. ఈ పిల్లల మీదా? లావణ్య మీదా? తప్పు కీ రాసిన తన మీదా? వీళ్ళంతా తనని ఎంత ప్రేమగా, ఎంత జాగ్రత్తగా మోసం చేశారో తలుచుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దగ్గినట్టు దగ్గి మింగేశాడు.

అప్పుడు మూడో బెంచీ గుర్తొచ్చింది. కాస్త ఊపిరాడినట్టయింది. ఈ మొత్తం గదిలో తనని మనిషిగా లెక్కేసి, ఎదురుగా వచ్చి, తప్పు తప్పని చెప్పింది ఒక్కతే కదా.

“హర్షితా, లేమ్మా” అన్నాడు. “చూడండి, నాకు నిజం చెప్పింది ఈ అమ్మాయి ఒక్కతే. మార్కు పోయినా చెప్పింది. ఎందుకు చెప్పావో వీళ్ళందరికీ చెప్పమ్మా.”

హర్షిత లేచింది. మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి, వేళ్ళు నలుపుకుంటూ నిలబడింది.

“సారీ అండీ సార్” అంది. “నేను కొత్తగా వచ్చాను కదండీ. నాకెవరూ చెప్పలేదండీ. తెలిసుంటే నేనూ మీ పద్ధతిలోనే రాసేదాన్నండీ.”

కుక్కుటేశ్వరరావు అరవై ఒక్క కాగితాలూ సర్ది బల్ల మీద పెట్టాడు.

“కూర్చోమ్మా” అన్నాడు. బెల్లు కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.